ఎంజైమ్ ఉన్నా గ్లూకోజ్ రాదు: జీ6పీటీ గురించి ఎవరైనా కాస్త విడమరిచి చెబుతారా?

ఉప్పల్_ఎమ్మెస్సీ
అందరికీ నమస్కారం. బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్ ఉంది. టాపిక్ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ట్రాన్స్‌పోర్టర్, అంటే జీ6పీటీ. జీన్ పేరు ఎస్‌ఎల్‌సీ37ఏ4, ఉండేది 11వ క్రోమోజోమ్ మీద. ప్రోటీన్‌లో 429 అమైనో ఆమ్లాలు. ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, కణం లోపల పొర చుట్టుకున్న గది) పొరలో ఉంటుంది, చెడిపోతే గ్లైకోజన్ స్టోరేజ్ వ్యాధి 1బీ వస్తుంది. ఇంతవరకు ఓకే.

అర్థం కానివి రెండున్నాయి. కాలేయంలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ (ఫాస్ఫేట్ అతికిన గ్లూకోజ్) తయారయ్యేది సైటోసాల్‌లో, అంటే ఈఆర్ బయటి కణద్రవంలో. దాన్ని గ్లూకోజ్‌గా మార్చే ఫాస్ఫటేజ్ కూడా అక్కడే ఉంటే గొడవే లేదు కదా, ఈఆర్ లోపలికి మోసుకెళ్లడం ఎందుకు? ఇక రెండోది స్ట్రక్చర్. పొరను దాటే హెలిక్స్‌లు (ప్రోటీన్ గొలుసు మెలితిరిగిన చుట్టలు) కొన్నిచోట్ల 10 అని ఉంది, కొన్నిచోట్ల 12. స్లైడ్ మీద ఏది వేయాలి? మా సార్ సరిగ్గా అలాంటి చోటే పట్టుకుంటారు, టెన్షన్‌గా ఉంది.

తార్నాక_మాస్టారు
మొదటి ప్రశ్నకు నేను చెబుతానమ్మా, స్ట్రక్చర్ సంగతి కుర్రవాళ్లు చూసుకుంటారు.

ఫాస్ఫటేజ్ సైటోసాల్‌లో స్వేచ్ఛగా తిరుగుతోందనుకో. గ్లూకోకైనేజ్ ఒక ఏటీపీ ఖర్చుపెట్టి గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ అతికిస్తుంది, ఇది వెంటనే ఊడబెరుకుతుంది. గ్లూకోజ్‌ను విరిచి శక్తి తీసే గ్లైకాలిసిస్‌కు, గ్లైకోజన్ తయారీకి, పెంటోస్ ఫాస్ఫేట్ మార్గానికి మూడింటికీ కావలసిన సరుకు గ్లూకోజ్-6-ఫాస్ఫేటే. దాన్ని ఎంజైమ్ నోటికి అందకుండా ఉంచాలి. అందుకే ఫాస్ఫటేజ్ క్రియాస్థానం ఈఆర్ లోపలి వైపు తిరిగి ఉంటుంది. ఫాస్ఫేట్ తగిలించుకున్న చక్కెరకు రుణావేశం ఉంటుంది కాబట్టి కొవ్వు పొరను తనంతట తాను దాటలేదు. దాటించేది జీ6పీటీ. పరిణామం ఇలాగే ఎందుకు నడిచిందంటే ఎవరి వాదన వారిది, నాకైతే ఈ కారణం చాలు.

సెమినార్‌లో మాత్రం దీనికంటే ఎక్కువసేపు చరిత్ర చెప్పు, అసలు కథ అక్కడుంది. ఫాన్ గీర్కె ఈ వ్యాధిని వర్ణించింది 1929లో. కాలేయంలో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ లేకపోవడమే కారణమని 1952లో కోరి దంపతులు చూపించారు. అంతా సర్దుకుంది అనుకున్నాక చిక్కొచ్చి పడింది. కొందరు పిల్లలకు లక్షణాలన్నీ అవే: పెద్ద కాలేయం, గ్లూకోజ్ పడిపోవడం, రక్తంలో లాక్టేట్, యూరిక్ ఆమ్లం పెరగడం. కానీ కాలేయం ముక్క తీసి ల్యాబ్‌లో చూస్తే ఎంజైమ్ నిక్షేపంగా పనిచేస్తోంది! 1968 నాటికే ఇలాంటి కేసుల గురించి రాశారు, 1బీ అని పేరూ పెట్టారు.

కిటుకు శాంపిల్‌లో ఉంది. బయాప్సీ ముక్కను ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత పరీక్షించేవారు. గడ్డకట్టించి కరిగిస్తే ఈఆర్ పొర చిరిగిపోతుంది. పొర చిరిగితే ట్రాన్స్‌పోర్టర్‌తో పనేముంది? గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ నేరుగా ఎంజైమ్‌ను చేరుతుంది, రిపోర్ట్ నార్మల్ అని వస్తుంది. 1978లో జపాన్ బృందం ఒకటి తాజా కాలేయాన్ని గడ్డకట్టించకుండా పరీక్షించింది. పొర చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు చర్య బాగా తక్కువ, డిటర్జెంట్ వేయగానే మామూలు స్థాయి. అంటే లోపం ఎంజైమ్‌ది కాదు, చేరవేసేదానిది. ట్రాన్స్‌పోర్టర్ విడిగా ఉంటుందని ఆరియన్ బృందం 1975లోనే ప్రతిపాదించింది, ఆ పిల్లల కాలేయాలు దానికి సాక్ష్యమయ్యాయి.

ఆ గ్రాఫ్ ఒక్కటి బోర్డు మీద గీయి: డిటర్జెంట్‌కు ముందు, తర్వాత. ఎంజైమే లేని మొదటి రకం, అంటే 1ఏలో రెండుసార్లూ చర్య ఉండదు. 1బీలో డిటర్జెంట్ తర్వాత లేస్తుంది. మీ సార్ మారు మాట్లాడరు.

కూకట్‌పల్లి_కోడర్
బయాలజీ ఇంటర్‌తోనే వదిలేసినవాణ్ని, అయినా ఇది చదువుతుంటే బగ్ రిపోర్ట్ చదివినట్టుంది. టెస్ట్ చేసే పద్ధతే బగ్‌ను దాచేసింది 😀

ఒక డౌట్. పొరలో రంధ్రం లాంటిదే అయితే అటూ ఇటూ అన్నీ కారిపోవా?

పిప్పెట్_రాణి
రంధ్రం కాదండి. నేను మెంబ్రేన్ ప్రోటీన్ల స్ట్రక్చర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఈ ప్రోటీన్ మీద కాదు కానీ దీని బంధువుల మీద. హెలిక్స్‌ల ప్రశ్నకూ ఇందులోనే జవాబు చెప్పేస్తాను.

జీ6పీటీ ఎంఎఫ్‌ఎస్ (మేజర్ ఫెసిలిటేటర్ సూపర్‌ఫ్యామిలీ) అనే పెద్ద ట్రాన్స్‌పోర్టర్ల కుటుంబానిది. ఆ కుటుంబపు మూల నమూనాలో పొరను అడ్డంగా దాటే హెలిక్స్‌లు 12. ముందు ఆరు ఒక కట్ట, తర్వాతి ఆరు ఇంకో కట్ట, రెండూ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. వాటి మధ్య ఒక గుంట. అందులోకి చక్కెర ఫాస్ఫేట్ వచ్చి కూర్చుంటుంది. అప్పుడు రెండు కట్టలూ ఒకదాని మీద ఒకటి ఒరుగుతాయి. సైటోసాల్ వైపు తెరిచి ఉన్న గుంట మూసుకుపోయి ఈఆర్ లోపలి వైపు తెరుచుకుంటుంది. రెండు వైపులా ఒకేసారి తెరుచుకోదు, కాబట్టి కారడం అనే మాట లేదు.

చక్కెర ఫాస్ఫేట్‌ను పట్టుకునేది ఎవరు? ఫాస్ఫేట్‌కు రుణావేశం, కాబట్టి గుంటలో ధనావేశం ఉండాలి. ఇ.కోలైలో దీని దూరపు చుట్టం జీఎల్‌పీటీ ఉంది, గ్లిసరాల్-3-ఫాస్ఫేట్‌ను మోస్తుంది. దాని క్రిస్టల్ స్ట్రక్చర్ 2003లో 3.3 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో వచ్చింది. అందులో గుంట నడిమధ్యలో రెండు అర్జినిన్‌లు, 45వ స్థానంలో ఒకటి, 269లో ఒకటి, ఫాస్ఫేట్ కోసం కాచుకుని ఉంటాయి. ఆ 45కు సరిపడే చోట మనిషి ప్రోటీన్‌లో ఉన్నది 28వ అర్జినిన్. అది సిస్టీన్‌గానో హిస్టిడిన్‌గానో మారిన రోగులున్నారు, వాళ్లకు 1బీ. ఒక్క అమైనో ఆమ్లం మారితే ఇంత జబ్బా అని అడిగేవాళ్లకు ఈ ఉదాహరణ చూపించు.

ఇక 10, 12 తగాదా. 1999లో గ్లైకోసైలేషన్ పరీక్షలు చేశారు. గ్లైకోసైలేషన్ అంటే ప్రోటీన్‌కు చక్కెర గొలుసు అతకడం. హెలిక్స్‌ల మధ్య ఉండే ఏ లూప్‌కు చక్కెర గొలుసు అతుక్కుంటే ఆ లూప్ ఈఆర్ లోపల ఉన్నట్టు లెక్క. 354వ ఆస్పరాజిన్ దగ్గర అతుక్కుంది. దాన్నిబట్టి 10 హెలిక్స్‌ల బొమ్మ గీశారు, అదే చాలాకాలం రివ్యూలలో తిరిగింది. కుటుంబ పోలికలు మాత్రం 12 అంటాయి, ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రామ్ ఊహించిన మోడల్ తెరిచి లెక్కపెట్టుకున్నా 12 కనబడతాయి. స్లైడ్ మీద 12 వెయ్యి, 10 ఎక్కడి నుంచి వచ్చిందో నోటితో ఒక్క వాక్యం చెప్పు. రెండు బొమ్మల్లోనూ ప్రోటీన్ మొదలు, చివర సైటోసాల్ వైపే ఉంటాయి, అక్కడ పేచీ లేదు.

తార్నాక_మాస్టారు
కోడర్ బాబూ, గోదావరి కాలువల మీద లాకులు చూశావా? పడవ లోపలికి వచ్చాక వెనక గేటు వేస్తేనే ముందు గేటు తీస్తారు. రాణి చెప్పింది అదే.

పిప్పెట్_రాణి
బాగుంది మాస్టారూ, కానీ ఒక తేడా ఉంది. లాకులో పడవ లేకున్నా గేట్లు తిప్పొచ్చు. ఇక్కడ ఖాళీ గుంటతో తిరగడం చాలా కష్టం. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌ను ఈఆర్‌లో దింపాక తిరుగు ప్రయాణంలో ఒక ఫాస్ఫేట్‌ను ఎక్కించుకుని రావాలి. లోపల ఫాస్ఫటేజ్ కోసిన ఫాస్ఫేట్ ఎలాగూ పోగవుతుంది, దానికి బయటికి ఇదొక దారి. ఒక ప్రోటీన్‌తో రెండు పనులు.

ఉప్పల్_ఎమ్మెస్సీ
రాణి గారూ, మాస్టారూ, చాలా థ్యాంక్స్. ఇంకొకటి అడగనా? ఇంత ముఖ్యమైన ప్రోటీన్ కదా, క్రయో-ఈఎం (గడ్డకట్టించిన ప్రోటీన్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడటం) మెషీన్లు వచ్చాక కూడా ఇలాంటివాటి స్ట్రక్చర్‌కు అంత కష్టపడటం ఎందుకు?

పిప్పెట్_రాణి
చిన్నది కాబట్టి. 46 కిలోడాల్టన్‌లు అంటే క్రయో-ఈఎంకు చీమ. పైగా మొత్తం పొరలోనే మునిగి ఉంటుంది, బయటికి పొడుచుకొచ్చిన భాగం లేదు. డిటర్జెంట్ ముద్దలో గుండ్రటి బంతిలా కనబడుతుంది, ఏ వైపు ఏదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అందుకని ఇలాంటి ప్రోటీన్లకు యాంటీబాడీ ముక్కనో, ఇంకో గట్టి ప్రోటీన్‌నో తగిలించి గుర్తుపట్టేలా చేస్తారు. ఆ తగిలింపు కుదరడానికే ఏడాది పట్టొచ్చు. మా ల్యాబ్‌లో దీని మీద జోకులు చాలా ఉన్నాయి, ఇక్కడ రాయలేను.

తోక సంగతి కూడా చెప్పాలి, చాలామంది వదిలేస్తారు. ఈ ప్రోటీన్ చివరి నాలుగు అక్షరాలు కేకేఏఈ. రెండు లైసిన్‌లున్న ఆ ముక్కే దీన్ని ఈఆర్‌లో నిలబెట్టే చిరునామా. 423వ స్థానంలో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ తయారీని అక్కడితో ఆపే సంకేతం) పడితే చివరి ఏడు అమైనో ఆమ్లాలు పోతాయి, చిరునామా కూడా పోతుంది. ప్రోటీన్ గాల్జీ అనే మరో కణభాగం వైపు వెళ్లిపోతుంది, కాలేయంలో గ్లైకోసైలేషన్ దెబ్బతింటుంది. ఇది 1బీ కాదు, వేరే జబ్బు. 1బీ రావాలంటే రెండు కాపీలూ చెడాలి, దీనికి ఒక్కటి చెడితే చాలు. పని చేయకపోవడం ఒక రోగం, చేయకూడని చోట చేరడం ఇంకో రోగం.

చింటూ_అమ్మ
నమస్తే అండి. గూగుల్‌లో వెతుకుతుంటే ఈ థ్రెడ్ కనబడింది. మా బాబుకు 1బీ. హెలిక్స్‌లు అవీ నాకు తెలియవు కానీ మీరు రాసినవి నిదానంగా రెండుసార్లు చదివాను. ఎంజైమ్ ఉన్నా పనిచేయదు అనే మాట మాకు డాక్టర్ చెప్పినప్పుడు బుర్రకెక్కలేదు, ఇప్పుడు ఎక్కింది.

ఒకటే అడగాలని ఉంది. గ్లూకోజ్ పడిపోకుండా కార్న్‌ఫ్లోర్ ఇస్తున్నాం, అలారం పెట్టుకుని రాత్రిళ్లు కూడా లేస్తాం. అది బాగానే ఉంది. కానీ నోట్లో పుళ్లు, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు, కడుపు బాధలు. 1ఏ పిల్లల తల్లి ఒకావిడ పరిచయం, వాళ్ల పాపకు ఇవేవీ లేవు. రెండూ గ్లూకోజ్ జబ్బులే అయితే మావాడికి ఇవెందుకు?

పిల్లల_డాక్టర్_హైద్
చింటూ అమ్మగారూ, చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు దొరికి ఎంతో కాలం కాలేదు. వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1ఏలో చెడేది కాలేయం, కిడ్నీ, పేగుల్లో ఉండే ఫాస్ఫటేజ్. అది తెల్ల రక్తకణాల్లో ఉండదు, కాబట్టి వాటికి నష్టం లేదు. జీ6పీటీ అలా కాదు, ఒళ్లంతా ఉంటుంది. ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలైన న్యూట్రోఫిల్స్‌లో దీనికి జోడీగా జీ6పీసీ3 అనే వేరే ఫాస్ఫటేజ్ ఉంది. అది చెడినా న్యూట్రోఫిల్స్ పడిపోతాయని 2009లో తెలిసింది. అంటే ఈ జోడీ న్యూట్రోఫిల్స్‌లో ఏదో చేస్తోంది. ఏం చేస్తోంది? ఆ కణాలు రక్తంలోకి గ్లూకోజ్ పంపే కణాలు కావు కదా. పదేళ్లు అక్కడే ఆగింది.

2019లో బెల్జియం నుంచి వాన్ షాఫ్టింగెన్, వేగా-డ-కున్హా బృందం జవాబు చెప్పింది. మన రక్తంలో 1,5-అన్‌హైడ్రోగ్లూసిటాల్ అనే చక్కెర ఉంటుంది, తిండి ద్వారా వస్తుంది. చూడ్డానికి గ్లూకోజ్‌లాగే ఉంటుంది కానీ ఒంటికి పనికిరాదు. గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ అతికించే ఎంజైమ్‌లు పొరపాటున దీనికీ అప్పుడప్పుడూ అతికిస్తాయి. ఆ ఫాస్ఫేట్ చక్కెర పేరుకుంటే, గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ అతికించే హెక్సోకైనేజ్‌కు అడ్డుపడుతుంది, కణం గ్లూకోజ్‌ను వాడుకోలేదు. న్యూట్రోఫిల్ బతికేదే గ్లైకాలిసిస్ మీద. మామూలు మనిషిలో జీ6పీటీ ఈ చెత్తను ఈఆర్ లోపలికి పంపుతుంది, జీ6పీసీ3 ఫాస్ఫేట్ ఊడదీస్తుంది, సమస్య తీరుతుంది. 1బీలో ఆ దారి మూసుకుపోయింది. అంటే మీ బాబు కాలేయంలో లోటు గ్లూకోజ్ బయటికి రాకపోవడం, న్యూట్రోఫిల్‌లో లోటు చెత్త బయటికి పోకపోవడం. ప్రోటీన్ ఒకటే.

ఇది తెలిశాక చికిత్స వెంటనే తట్టింది. చెత్తను తీసేసే దారి బాగు చేయలేకపోతే, చెత్త రాకుండానే చేద్దాం. షుగర్ పేషెంట్లకు ఇచ్చే ఎంపాగ్లిఫ్లోజిన్ మూత్రంలోకి గ్లూకోజ్‌ను వదిలిస్తుంది. మూత్రంలో గ్లూకోజ్ ఎక్కువైతే ఈ అన్‌హైడ్రోగ్లూసిటాల్‌ను కిడ్నీ తిరిగి పీల్చుకోలేదు, అది కూడా బయటికి పోతుంది. 2020లో 1బీ రోగులకు ఇచ్చి చూశారు, పుళ్లు, ఇన్ఫెక్షన్లు తగ్గాయి, న్యూట్రోఫిల్స్ పనితీరు మెరుగుపడింది. అంతకుముందు న్యూట్రోఫిల్స్‌ను పెంచే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లే దిక్కు.

దయచేసి ఇది చదివి మెడికల్ షాపుకు వెళ్లకండి. గ్లూకోజ్ నిలవని పిల్లలకు గ్లూకోజ్‌ను మూత్రంలో పోగొట్టే మందు అది. డోసు చిన్నగా మొదలుపెట్టి, గ్లూకోజ్ చూసుకుంటూ, ఈ జబ్బు తెలిసిన డాక్టర్ దగ్గరే జరగాలి. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉన్నాయి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఈ రెండూ కలిసి ఒక కేంద్రం. ఈ మందు సంగతి అక్కడ అడగండి.

చింటూ_అమ్మ
డాక్టర్ గారూ, ఎంతో రుణపడి ఉన్నాను. తప్పకుండా అడుగుతాను.

ఇక్కడ నాలాంటి అమ్మలు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. డాక్టర్ "కార్న్ స్టార్చ్" అంటే కిరాణా షాపులో "మొక్కజొన్న పిండి" అడగకండి, రొట్టెల పిండి ఇస్తారు. అది వేరు. తెల్లగా, మెత్తగా ఉండే కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ అడగండి. చల్లటి నీళ్లలోనే కలపాలి, వేడి చేస్తే జావ అయిపోతుంది, తొందరగా అరిగిపోతుంది, గంటల తరబడి గ్లూకోజ్ ఇవ్వదు. మా అత్తగారు ప్రేమ కొద్దీ కొంచెం వెచ్చబెట్టి ఇవ్వబోయేవారు. పెళ్లిళ్లకు వెళ్తే డబ్బా, స్పూను, తూకం అన్నీ బ్యాగులో ఉండాల్సిందే, భోజనాలు ఎప్పుడు పెడతారో ఎవరికి తెలుసు.

పిల్లల_డాక్టర్_హైద్
సరిగ్గా చెప్పారు. పచ్చి కార్న్ స్టార్చ్ పద్ధతి 1984 నుంచి ఉంది, ఇప్పటికీ అదే ఆధారం.

పండ్ల రసం, బెల్లం, పాలు ఎందుకు తగ్గించమంటామో కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎమ్మెస్సీ పిల్లకూ పనికొస్తుంది. ఫ్రక్టోజ్ అయినా గెలాక్టోజ్ అయినా కాలేయంలో చివరికి గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ దగ్గరికే వస్తుంది. అక్కడి నుంచి గ్లూకోజ్‌గా బయటికి పోలేదు. మిగిలిన దారి కిందికే, లాక్టేట్, కొవ్వు, యూరిక్ ఆమ్లం. తీపి పెడితే గ్లూకోజ్ పెరుగుతుందని అమ్మమ్మలు పాయసం పెడతారు, పెరిగేది లాక్టేట్.

ఫార్మా_బాబాయ్
జీడిమెట్లలో ఉద్యోగం, మందుల వైపు నుంచి రెండు మాటలు.

ఒకటి, దీని బాక్టీరియా చుట్టాలను మనం రోజూ వాడుకుంటున్నాం. యూరిన్ ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే ఫాస్ఫోమైసిన్ ఇ.కోలై లోపలికి వెళ్లేది రాణి గారు చెప్పిన జీఎల్‌పీటీ గుండా, యూహెచ్‌పీటీ అనే ఇంకో ట్రాన్స్‌పోర్టర్ గుండా. యూహెచ్‌పీటీ మోసేది గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌నే. ఆ ట్రాన్స్‌పోర్టర్లను పోగొట్టుకున్న బాక్టీరియాకు మందు ఎక్కదు. మనిషి జీన్‌ను 1997లో పట్టుకున్నది కూడా యూహెచ్‌పీటీ పోలిక పట్టుకుని డేటాబేస్‌లో వెతికే.

రెండు, కాఫీలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం జీ6పీటీని ఆపుతుంది. 90లలో దాన్ని మార్చి మార్చి బలమైన నిరోధకాలు చేశారు, కాలేయం గ్లూకోజ్ వదలకుండా ఆపితే షుగర్‌కు మందవుతుందని. ఎలుకలకు ఇస్తే కాలేయంలో గ్లైకోజన్, కొవ్వు పేరుకున్నాయి. మరి అవ్వదా, 1బీ జబ్బును చేతులారా తెచ్చిపెట్టడమే కదా! నన్నడిగితే దీన్ని షుగర్ మందుకు టార్గెట్‌గా ఎంచుకోవడమే దండగ.

కూకట్‌పల్లి_కోడర్
బాబాయ్, అయితే ఫిల్టర్ కాఫీ మానేసి ఇరానీ చాయ్‌కి మారాలా?

ఫార్మా_బాబాయ్
అవి ల్యాబ్‌లో మైక్రోసోమ్‌ల (కణాన్ని చిదిమినప్పుడు వచ్చే ఈఆర్ ముక్కల) మీద, ఎలుక కాలేయం మీద చేసిన పరీక్షలు నాయనా. కప్పు కాఫీకి అన్వయించకు. చాయ్ తాగాలనుంటే తాగు, సైన్స్ మీద నెట్టొద్దు.

ఉప్పల్_ఎమ్మెస్సీ
సెమినార్ అయిపోయింది! డిటర్జెంట్ గ్రాఫ్ దగ్గర సార్ నిజంగానే తలూపారు మాస్టారూ. 1,5-అన్‌హైడ్రోగ్లూసిటాల్ గురించి క్లాసులో ఎవరూ వినలేదు, అందరూ ఫోటోలు తీసుకున్నారు. ఒక్క ప్రశ్న మాత్రం మిగిలింది. "ఫాస్ఫేట్‌తో మార్పిడి జరుగుతుందని అన్నావు, అది ఊరికే లోపలికి వెళ్లడం కాదని ఎలా తెలిసింది?" అన్నారు. వచ్చే క్లాసులో చెప్పమన్నారు.

పిప్పెట్_రాణి
2008లో చేశారు. ఈఆర్‌లో అయితే ఫాస్ఫటేజ్ కూడా ఉంటుంది, ఎవరి పని ఏదో తేలదు. అందుకని జీ6పీటీని మాత్రమే కృత్రిమ కొవ్వు బుడగల్లోకి ఎక్కించారు. కొన్ని బుడగల లోపల ముందే ఫాస్ఫేట్ నింపారు, కొన్నిటిలో నింపలేదు. బయట రేడియోధార్మిక గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ పోశారు. ఫాస్ఫేట్ నింపినవి దాన్ని లాక్కున్నాయి, నింపనివి లాక్కోలేదు. రోగుల్లో కనబడిన మ్యుటేషన్లు పెట్టిన ప్రోటీన్‌తో చేస్తే నింపిన బుడగలు కూడా లాక్కోలేదు.

సార్ ఇంకా గుచ్చితే 1సీ సంగతి చెప్పు. ఫాస్ఫేట్ రవాణా చెడిందని కొందరు రోగులను ఒకప్పుడు 1సీ అని విడిగా లెక్కేసేవారు. జీన్ చూస్తే వాళ్లకూ ఇదే ఎస్‌ఎల్‌సీ37ఏ4లో మ్యుటేషన్లు.

తార్నాక_మాస్టారు
బుడగల బొమ్మ నేను గీసి పెడతాను, రేపు ఇక్కడే పోస్ట్ చేస్తా. బాణాలు ఎటు వేయాలో రాణి ఒకసారి చూసి చెప్పాలి.